సైతాను విస్తరి

ఐవలిక్‌లో బస్సు దిగి
ముందు సముద్రం చూడలేదు,
ఆసుపత్రి ఎక్కడో చూసుకున్నాం.
రెండో అంతస్తు, కిటికీ పక్క కుర్చీ,
సోమ బుధ శుక్రవారాలు, పొద్దున్న ఏడింటికి.
"మిగతా రోజులన్నీ మీవే నెజాహత్ అమ్మా"
అంది నర్సు గుల్చిన్,
హోటలు గది తాళం చేతిలో పెడుతున్నట్టు.

అలా మాకొక మంగళవారం దొరికింది.

రిఫత్ చొక్కా జేబులో చిన్న పుస్తకం.
ముప్పై ఏళ్ళు ఎస్కిషెహిర్ స్టేషన్లో
గూడ్సు పెట్టెల బరువులు రాసిన చెయ్యి
ఇప్పుడు నా గుక్కలు రాస్తోంది.
రోజుకి ఏడు టీ గ్లాసులంత తడి, అంతే.
సూపూ అందులోదే, పుచ్చముక్కా అందులోదే,
మాత్ర దిగడానికి తాగే చుక్కతో సహా.

ఈ దేశంలో టీ ఇవ్వని గడప లేదు.
చెప్పులు బేరమాడితే టీ,
చిల్లర అడిగితే టీ,
దారి అడిగితే ముందు టీ, ఆ తర్వాతే దారి.
వద్దంటే ఎదుటి ముఖం చిన్నబోతుంది.
అందుకని పుచ్చుకుంటాను.
సన్ననడుము గాజుగ్లాసుని
రెండరచేతుల మధ్య చల్లారేదాకా పట్టుకుంటాను.
నాలుక పిడచకట్టుకుపోయి ఉంటుంది,
ముక్కు మాత్రం తాగేస్తుంది.
రిఫత్ పుస్తకంలో వాసనకి గడి లేదు.

మధ్యాహ్నం చేపలు.
పాపాలినా అంటారు, చిటికెనవేలంత,
తలా తోకా ఉండగానే కరకరలాడిస్తారు.
పక్క బల్ల మీద గుట్టలు గుట్టలు.
నాకు ఎనిమిది.
ఎనిమిది చేపలు పంటి కిందికి రావు,
అయినా ఒక్కోదానికి నమస్కారం పెట్టినంత నెమ్మదిగా తిన్నాను,
మధ్యలో సుద్దముక్కలాంటి బిళ్ళ నములుతూ.
టమాటా ముక్క పళ్ళెం అంచున ఉండిపోయింది.
ఇంత ఎర్రనిది, ఇంత మెత్తనిది,
నా గుండెని ఆపగలదంటే
ఇప్పటికీ నమ్మకం కుదరదు.

ఎండ తగ్గాక ముజఫర్ కొట్టు.
గోడ పొడవునా ఆలివ్ నూనె డబ్బాలు,
మూలన పిల్లి, రేడియోలో ఎవరిదో ఎన్నికల గొంతు.
తెల్ల రొట్టె తుంచి పచ్చటి నూనెలో ముంచి
నోటికందించినంత దగ్గరగా పెట్టాడు.
నేను రిఫత్ వైపు చూశాను.
రిఫత్ పుస్తకం తీశాడు, పేజీ తిప్పాడు,
డాక్టరిచ్చిన చిట్టా పైనుంచి కిందికి, కిందినుంచి పైకి.
"నూనెలో నీళ్ళుండవు కదా" అన్నాడు చివరికి.
ఆ మాట కోసమే బతికున్నానేమో!
గొంతులో చివర కొంచెం ఘాటు, పచ్చిగడ్డి కొరికినట్టు.
ఇంకో ముక్క.
ఇంకోటి.
లెక్కపెట్టకుండా తిని మూడేళ్ళు.

సాయంత్రం మినీబస్సులో కొండ ఎక్కాం.
పైన బల్లపరుపు గుండ్రాయి,
దాన్ని సైతాను విస్తరి అంటారు ఇక్కడివాళ్ళు.
పక్కన గుంటలో వాడి అడుగట, మీద చిల్లర డబ్బులు.
కింద నీళ్ళలో దీవులు,
ఎవరో గిన్నెలన్నీ పరిచి
వడ్డించడం మరిచి లేచిపోయినట్టు.
సూర్యుడు దిగుతుంటే జనమంతా ఫోన్లెత్తారు.
రాయి మీద కాలు జారబోతే
ఒక కాలేజీ పిల్ల నా ఎడమ ముంజెయ్యి పట్టుకుని
ఉలిక్కిపడి వదిలేసింది.
"అమ్మా, లోపల ఏదో మోగుతోంది!"
డాక్టర్లు రెండు నరాలు కలిపి కుట్టిన చోటు అది,
రాత్రీ పగలూ జుమ్మంటుంది.
"మోటారు పడవ తల్లీ" అన్నాను,
"పొద్దున్న ఏడింటికి రేవు చేరాలి."
ఆ పిల్ల నవ్వి, మళ్ళీ వేళ్ళు ఆనించి,
చీకటి పడేదాకా తియ్యలేదు.

ఆ రోజు ఏడో గ్లాసు అక్కడే తాగాను.
చక్కెర రెండు ముక్కలు.
రిఫత్‌కి రాసుకోడానికి వెలుతురు చాలలేదు.

బుధవారం తూకం రాయి మీద నిలబడితే
కిలో తొమ్మిది వందలు ఎక్కువ.
గుల్చిన్ కళ్ళద్దాల పైనుంచి చూసింది.
"ఏం తిన్నారు?"
"నూనె."
నమ్మలేదు.
సూది గుచ్చి, ప్లాస్టరు అంటించి,
గొట్టంలో ఎరుపు కదిలాక
కాస్త వంగి అడిగింది:
"ఎవరి కొట్లో?"