కాశీబుగ్గలో ఒక రంగు డబ్బీ

ఊరి పేరులోనే బుగ్గ ఉంది మాకు.
నలభై నాలుగేళ్ళుగా ఇక్కడే ఉన్నాను గానీ
నా బుగ్గ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు,
పసుపు రాసి కడిగేయడం తప్ప.

దాలమ్మప్ప కూతురు హిమజ
విశాఖపట్నంలో అద్దాల అంగట్లో నిలబడి
ఇలాంటివి అమ్ముతుంది,
రోజుకి పది గంటలు, కుర్చీ లేకుండా.
ఆదివారం వచ్చి నా చేతిలో పెట్టింది.
అగ్గిపెట్టె కన్నా చిన్నది, పడికట్టు రాయంత బరువు.
మూత నొక్కితే టక్కుమంది,
డబ్బున్నోళ్ళ కారు తలుపు వేసినట్టు.

"మూడు వేల రెండొందలు పిన్నీ.
పెదాలకీ బుగ్గలకీ కంటి రెప్పలకీ ఇదొక్కటే."
ఒక్కటే అయితే అంత ధర ఏటే, అన్నాను.
మా ఇంట్లో ఆముదం చేతులకీ, పిల్లల మాడుకీ, తలుపు బందులకీ.
సబ్బు ఒంటికీ దుప్పటికీ.
దాన్నెవరూ గొప్ప అన్లేదు.
ఎన్ని కిలోల పప్పు వొలవాలో లెక్కేయబోయి
మధ్యలో మానుకున్నాను.

అది కొన్నది కాదట.
వచ్చినోళ్ళంతా రాసి చూసుకునే డబ్బీ,
అడుగు కనబడుతోందని పారేయమన్నారట.
లోపల ఎవరెవరివో వేళ్ళు తవ్విన గుంటలు,
గీతలతో సహా.

రంగుకి ఇంగ్లీషులో ఏదో ఊరి పేరు చెప్పింది.
నాకు తెలిసిన రంగే.
జీడిపప్పు మీది పొర,
రోజూ గీకి, ఊడ్చి, గోనెలకెత్తేది.
పొర తీస్తే పప్పుకి ధర.
మనిషికి మాత్రం వేస్తే ధర కాబోలు.

"ఉంగరం వేలితో అద్దు పిన్నీ,
వేలి వేడికి కరుగుతుంది."
ముంచాను. నా వేలికి ఏమీ తెలియలేదు.
వొలుపుకి రాకముందు గింజ కోత మీద పదహారేళ్ళు,
జీడినూనె తినేసిన చర్మం,
పెనం అడుగులా నల్లగా, నున్నగా.
రేషన్ డిపోలో మిషను దాన్ని వేలని ఒప్పుకోదు.
"కన్ను పెట్టమ్మా" అంటాడు డీలరు నెలనెలా.
డబ్బీలో చూశాను.
అందరి గుంటల్లో గీతలున్నాయి.
నాది చెంచాతో తీసినట్టుంది.

పెదవికి తాకినప్పుడు, అప్పుడు తెలిసింది.
వెన్న కాదు, మైనం కాదు,
ముంజె లోపలి వైపు.
ఇంత మెత్తనిదాన్నా నేను పట్టుకున్నది, అనుకున్నాను.

బుగ్గలకి ఎక్కువైపోయింది, పగటివేషగాడిలా.
హిమజ పడీపడీ నవ్వి
తువ్వాలు కొసతో తుడిచి
కాస్త ఉంచింది.

సోమవారం ఎవరూ చెప్పకుండానే
మళ్ళీ అద్దుకుని ఫ్యాక్టరీకి వెళ్ళాను.
"ఓలమ్మ, ఎవులు కొట్టినారే నిన్ను?" అంది ఒకామె.
బల్ల చుట్టూ అందరం నవ్వాం.
బుగ్గ ఎర్రబడిందంటే మాకు రెండే తెలుసు,
దెబ్బ, లేదా జొరం.
కుంతల మాత్రం నవ్వు సగంలో ఆపి
పప్పు గ్రేడు చూస్తున్నట్టు తల దించింది.

మధ్యాహ్నం క్యారేజీ మూత పెడుతూ
నాకూ కాస్త పెట్టవే, అంది.
కుడి చెంప మీద పెట్టాను.
ఎడమ వైపు ముందే కొంచెం ఉంది.
రెండూ సమానంగా వచ్చేదాకా అద్దాను.
మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

సాయంత్రం గూడ్స్ షెడ్డు నుంచి మా ఆయన వచ్చి
దీపం వెలుగులో నన్ను చూసి
చొక్కా విప్పబోయినవాడు ఆగాడు.
"జొరమేటి?"
చెయ్యి తిప్పి, వెనక వైపుతో
నుదురు ముట్టుకు చూశాడు.
పెద్దది పుట్టినప్పుడు ఒకసారి చూశాడు అలా.

కాదని చెప్పబోయాను.
పెదాలు కొంచెం అంటుకున్నాయి.
మాత్ర తెస్తానని మళ్ళీ చెప్పులేసుకున్నాడు.
ఆగమన్లేదు.