పన్నెండు దాటితే

గంగపట్నం కాడ రొయ్యల గుంట.
రాత్రి కాపలా నాదీ, జిలానీదీ.
గట్టు మీద సిగ్నల్ రెండు గీతలు,
మోటారు షెడ్డు రేకెక్కితే మూడు.
నాలుగో గీత కోసం వాడు
ఉప్పుగాలిలోకి చెయ్యి చాపి నిలబడతాడు,
చినుకు పడతా ఉందా అని చూసేవాడి మాదిరి.

ఆటలో వాళ్లది నలుగురి జట్టు.
ఒకడిది బీహార్, ఒకడిది ఏ ఊరో తెలీదు,
ఒక పిల్ల, అసలు మాటాడదు, గురి మాత్రం తప్పదు.
"నేను నొక్కిన గుండు బయల్దేరే లోపల
నేనే చచ్చిపోయుంటా అన్నా" అంటాడు.

ఇసక దిబ్బ కాడ కొత్త టవరంట.
పునాది తీసి ఏడాది. అందులో వాననీళ్లు, కప్పలు.
"అది లేస్తే ఇంక ఆలస్యమే ఉండదు."
కొనని చొక్కాని తడిమినట్టు
ఆ మాటని తడుముతాడు.

మొన్న, ఆట ఆఖరి వలయంలో ఉండంగా
కరెంటు పోయింది.
ఏరియేటర్ రెక్కలు ఆగిన నిశ్శబ్దం
చెవుల్లో తుపాకులు మోగతా ఉన్నా
నాకంటే ముందు వాడికే వినబడింది.
ఫోను బురదలో పడేసి ఉరికినాడు.
టార్చి వెలుగులో రొయ్యలు
మీసాలు పైకెత్తి గాలి కోసం.
మూడోసారి తిప్పితే గానీ
జనరేటర్ అందుకోలా.

తిరిగొచ్చి తెర తుడిస్తే
వాడి బొమ్మ మోకాళ్ల మీద పడి ఉంది.
పక్కనే ఆ మాటాడని పిల్ల,
తుపాకీ అటు తిప్పి ఇటు తిప్పి
కాపలా.

అంతలో డేటా అయిపోయింది.
టైము పదకొండు నలభై.
"ఇరవై నిమిషాలు ఉంటదా అన్నా?"
నేను జనరేటర్ చప్పుడే వింటా ఉండా.