పాత కోల్డ్ స్టోరేజీలో కొత్త చప్పుడు

ఏటుకూరు రోడ్డులో మిరపకాయల కోల్డ్ స్టోరేజీని
కళాభవనం చేశారు.
మూడు పూతల సున్నం వేసి, ఎర్ర తివాచీ పరిచి,
గుమ్మం పక్కన నాకో కుర్చీ, లావుపాటి రిజిస్టరు,
తాడుతో కట్టేసిన పెన్నూ ఇచ్చారు.
పైన "ధ్వని ఎలా ఉంది?" అని రాసి
కింద రెండు గడులు గీశారు:
ఎక్కువైంది. సరిపోయింది.

మొదటిరోజు డప్పులు మోగగానే
దూలాల మీద పదేళ్లుగా పడుకున్న కారం
లేచి కూర్చుంది.
ముఖ్య అతిథి మూడో మాటకి
హాలు హాలంతా తుమ్మింది.
అవి చప్పట్లనుకుని
ఆయన ఇంకో అరగంట మాట్లాడారు.

తెనాలి నుంచి వచ్చిన హార్మోనిస్టు వీరరాఘవులు
గుండ్రటి అక్షరాలతో రాశాడు:
"నేను తీసిన రాగం వెనక గోడదాకా వెళ్లి
తిరిగొచ్చి నా తర్వాతి పాదం మీద కూర్చుంది.
అరవై నిండాయి. నాతో నేనే పోటీ పడటం ఇదే మొదలు."
ఏ గడిలోనూ టిక్కు పెట్టలేదు.

ఇంజనీరింగు చదివే లిఖిత
"గుండెల్లో కొట్టింది, మామూలుగా లేదు" అని
నాలుగు ఆశ్చర్యార్థకాలు పెట్టింది.
అవి కూడా కాస్త గట్టిగానే వినిపించాయి నాకు.

టెలిఫోన్స్‌లో రిటైరైన పేరయ్యశాస్త్రిగారు
సెల్‌ఫోనుతో కొలుస్తారు.
తొంభై ఏడు. నూట రెండు. తొంభై తొమ్మిది.
ఇది ఆరోగ్యానికి హాని అని ప్రతిసారీ సంతకం.
ఒక్క ప్రదర్శనా మానలేదు.

ఎవరో "ఉప్మా పెసరట్టు బాగుంది" అని రాసి వెళ్లారు.
సరిపోయిందిలో టిక్కు కూడా పెట్టారు.

ఎదురు పంచరు కొట్టు నాగుల్ మీరా
లోపలికి ఒక్కసారీ రాలేదు.
టిక్కెట్టు కొననివాడి మాట రాయొచ్చో లేదో
నాకెవరూ చెప్పలేదు.
"అన్నా, నాకు అన్నం పెట్టే చప్పుడు ఒకటే,
ట్యూబులోంచి గాలి పోయే సుయ్యి.
ఏడయిందంటే మీ స్పీకర్లు దాన్ని మింగేస్తన్నయ్.
నీళ్లలో ముంచి బుడగలు చూసుకుంటన్నా,
చెవిటోడి మాదిరి."
నేనే ఓ టిక్కు పెట్టాను, ఎక్కువైందిలో.
పేరు దగ్గర "పొరుగువారు" అని రాశాను.

నెలాఖరున కమిటీ కూర్చుని టిక్కులు లెక్కేసింది.
ఎక్కువైంది: నూట నలభై.
సరిపోయింది: ఉప్మాతో కలిపి అరవై రెండు.
సౌండు తగ్గించాలని తీర్మానం.
గోడలకి గోనెపట్టాలు కడితే
మోత పీల్చుకుంటాయన్నారు ఒకరు.
"గోతాలొస్తే వెనకే టిక్కీలూ వస్తాయేమో" అని
ఇంకొకరు నవ్వారు.

ఆ సాయంత్రం
హాలు ఊడ్చే సువార్తమ్మ చీపురు గోడకానించి
నా రిజిస్టరు వంక చూసింది.
ఇక్కడే, కంప్రెసరు గది పక్క రేకుల కింద
పంతొమ్మిదేళ్లు ముచ్చికలు తీసిందట.
తేజ ఓ గుట్ట, తాలు ఓ గుట్ట.
"అది మోగతా ఉంటే నోటితో పన్లేదయ్యా.
కనుబొమ్మలే.
నీళ్లు కావాలంటే ఇట్టా.
మేస్త్రి వస్తన్నాడంటే ఇట్టా."
రెండూ ఎగరేసి చూపించింది.
రెంటికీ తేడా నాకు తెలియలేదు.

"అంత మోత, ఎవరికీ చెప్పలేదా?"
"చెప్పాం.
వినపళ్లేదు వాళ్లకి."

మరి ఇప్పుడీ హాల్లో చప్పుడెట్టా ఉందని అడిగాను.
లేచి, ఆమె కుడిచేతి వైపుకి వచ్చి
మళ్లీ అడిగాను.
"డప్పులోళ్లు బాగా వినపడ్డారు.
ఆ హార్మోనీ ఆయనవి పెదాలే ఆడినయ్.
కాస్త పెంచమని రాయి."

రెండు గడులే ఉన్నాయి.
స్కేలు పెట్టి పక్క ఖాళీలో
మూడోది గీయబోతున్నాను.
పెన్నుకి తాడు చాలడం లేదు.