రెండు పొట్లాలు

ముప్పై ఏండ్లు ఎనుమాముల మార్కెట్ల దడువాయిని.
పత్తి నాది గాదు, మిర్చి నాది గాదు,
ముల్లు ఊగి ఊగి నిలవడే
ఆ ఒక్క గడియ నాది.

ఆ యార్డులనే దొరికిందది,
తాలుకాయల కుప్ప ఎనుక, తుమ్ముకుంట.
ఎర్రగ గావలసిన ఒళ్లు పాలిపోయి
సగం తెలుపు, సగం ఇటుక రంగు.
ఏ ఖరీదుదారూ చెయ్యి వెట్టని రకం.
తాలూ అని పిలిచిన. తోకూపింది.

మొదట మాకున్నదే దానికి:
రాత్రి మిగిలిన బువ్వ, ఇంత సల్ల,
ఐతారమైతే శెర్వ కలిపిన మెతుకులు,
మేం నమిలేసిన బొక్కలు.
రెండేండ్లు బాగనే ఉన్నది.
మూడో యేడు చెవులెనుక గోక్కొని గోక్కొని
తోలు తేలింది.
ఊడిన వెంట్రుకలు చీపురుకు చుట్టుకునేటియి.

పక్కింటి రణధీర్ జిమ్ముకు పోయే పిలగాడు.
"పెద్దనాయినా, కుక్కల తాత ముత్తాతలు
పొయ్యి ముట్టిచ్చిండ్రా?
పచ్చి మాంసం వెయ్యి.
ఒంటి బరువుల నూటికి రెండున్నర పాళ్లు.
అండ్ల బొక్క ఇంత, కార్జం ఇంత."
నూటికి ఇంత అన్నడు సూడు,
ఆ మాట కాడ దొరికిపోయిన.

తాలును మార్కెట్‌కు తీస్కపోయి
బస్తాల కాంటా మీద నిలవెట్టిన.
"రేటెంత పలికిందే?" అని
హమాలీలు ఒకటే నవ్వుడు.
పద్దెనిమిది కిలోలు. తరుగు తియ్యలే.

నాలుగు వందల యాభై గ్రాములు,
అండ్ల నలభై ఐదు కార్జం అంటే
యాకుబ్‌పాష కత్తి పక్కకు వెట్టి నా మొకం సూసిండు.
"దడువాయి సాబ్,
పెండ్లి దావతుకు గూడ గింత లెక్క ఎవడూ అడగలే."

నాలుగు దినాలు తాలుది దసరా.
ఐదో రాత్రి కక్కుడు, ఇరుగుడు, నెత్తుటి జీర.
ఆటోల ఒళ్లె వెట్టుకొని పశువుల దవాఖానకు.
డాక్టరమ్మ కోపం చెయ్యలే.
"పచ్చిది పాపమేం గాదు, మంత్రం గూడ గాదు.
కత్తిపీట మీద, గిన్నె మీద, దాని నాలుక మీద
కంటికి ఆననిది ఇంట్లకొస్తది.
పాకే మనుమరాలున్నదంటివి గదా.
ఉడకవెట్టి పెట్టు.
ఉప్పు, కారం, ఉల్లిగడ్డ వద్దు.
ఉడికిన బొక్క అసలే వద్దు, సూదోలె చీలుతది."
"మరి ప్యాకెట్టుదో?"
"కొనగలిగితే మంచిదే చూసి కొను."
ధర విన్న.
క్వింటాలు తాలుకాయ యాదికొచ్చింది.
వంటతోటి రానియి ఉంటయని
కాగితం మీద ఏదో పొడి రాసిచ్చింది.

గప్పటిసంది పొద్దుగాల్నే నేనే పొయ్యి కాడ.
కోడి కందనకాయలు, గుమ్మడికాయ ముక్కలు,
గుప్పెడు బియ్యం, దినం తప్పిచ్చి దినం గుడ్డు.
అన్నీ జోకుడే. చిన్న కాంటా కొన్న.
తోలు మీద మల్ల బూరు మొలుస్తున్నది.

ఓదెమ్మ గడప మీద కూసోని సూసి సూసి అన్నది:
"పెండ్లైనకాడికెల్లి నేనేం తింటున్ననో
ఒక్కపారన్న జోకినవా?"
నవ్వుకుంటనే అన్నది.
అందరు తిన్నంక, దీపం తగ్గిచ్చినంక
గంటె గిన్నె అడుగు గీకే సప్పుడు
ఇన్నేండ్లు పండుకొని విన్న.
అది అంట్లు తోమే సప్పుడే అనుకున్న.

తెల్లారి రానంటే రానన్నది.
వచ్చినంక మిర్చి కోరుకు రెండుసార్లు తుమ్మింది.
చెప్పులిడిచి, కొంగు చుట్టుకొని
గుడిమెట్టెక్కినట్టు కాంటా ఎక్కింది.
ముల్లు నలభై ఒకటి కాడ నిలవడ్డది.
హమాలీలు ఈసారి నవ్వలే.
ఒకడు బస్తా దించి నీళ్లు తాగిండు.

ఇప్పుడు యాకుబ్‌పాష రెండు పొట్లాలు కడుతడు.
ఒకటి గ్రాములల్ల.
రెండోదానికి ఎంత అంటే
నాకు లెక్క రాదు, చేతులతోటి చూపిస్త.
ఇంటికాడ తాలు రెండూ వాసన సూస్తది.
దానిది అది తిని, గిన్నె నాకి,
మోరీ కాడ ఎవరో పారేసిన ఇడ్లీకి ఉరుకుతది.