వాటం

మొదటి రోజంతా పగలగొట్టడమే.
టైలు లేపితే గచ్చు,
గచ్చు కింద ఇటికముక్కల కాంక్రీటు,
సందులో ఎప్పటిదో ఎండిన చీమల బారు.
దాలమ్మ గమేళా నెత్తికెత్తుకుంటూ
"ఒక్క గదికి ఎన్ని నేలలు మేస్త్రీ" అంది.

ఆమదాలవలస. మూతపడ్డ చక్కెర మిల్లు వెనక సందు.
కాటాగుమస్తా గారి సుభద్రమ్మ
గుమ్మం దగ్గర కుర్చీలో,
కట్టు కట్టిన మణికట్టు ఒళ్ళో పెట్టుకుని.
"వినైలు షీటయితే కాలు జారదట గదా?"

జారదమ్మా.
కానీ దానికి దాపరికం తెలీదు.
టైలు మందం, కింద కంత ఉన్నా కడుపులో దాచుకుంటాది.
ఇది అలాక్కాదు. ఇసక రేణువొకటి ఒగ్గేసినా
నెల తిరక్కుండా పైకి పొడుచుకొచ్చి
అందరికీ చెప్పేస్తాది.

అందుకే గీకుడు. పాత సిమెంటు బొబ్బలు గీకి,
ఊడ్చి, అరచెయ్యి ఆనించి తడిమి, మళ్ళీ గీకి.
సాయంత్రం ప్లాస్టిక్కు ముక్క పరిచి
నాలుగంచులా టేపు అంటించి పోయాను.
తెల్లారి చూస్తే లోపలంతా చెమట.
ఏటి పక్క నేల, తొందరగా ఆరదు.
మూడు రోజులు ఫ్యాను తిప్పారు, కరెంటున్నంత సేపూ.

అప్పుడు పెట్టాను రసమట్టం.
బుడగ తూము వేపు పరిగెట్టింది.
బుడగ ఎటు పోతే నీళ్ళు అటు పోవు;
ఇన్నేళ్ళూ అవి గుమ్మానికే వచ్చాయి,
ఆవిడ అడుగు పెట్టే చోటికి.

మూలన, మట్టానికి పెట్టిన చుక్క:
నీలం సీసా పెంకు.
మా తవిటయ్య మేస్త్రి టైలుముక్క పెట్టేవాడు.
సీసాపెంకులేరుకొచ్చి పెట్టే పిచ్చి
ఆ రోజుల్లో నాకొక్కడికే.

"ఏ వెధవ వేశాడో అప్పుడు," అంది సుభద్రమ్మ.
దాలమ్మ నవ్వింది.
నేను పెంకు మీద దుమ్ము తుడుస్తా
"నేనేనమ్మా" అన్నాను.

ఫ్యాను తిరుగుతోంది. విన్నదో లేదో అనుకున్నాను.
కట్టున్న చెయ్యి ఈ మోకాలి మీంచి ఆ మోకాలికి మార్చి
"అయితే ఈసారి చూసుకుని వెయ్యి" అంది.

కొత్త మాలు, కొత్త వాటం.
గట్టిపడ్డాక చెంబుడు నీళ్ళు పోశాం.
ముగ్గురం వంగి చూశాం.
నీళ్ళు కాస్త ఆగి, అటూ ఇటూ చూసి,
తూములోకి నడిచాయి.

షీటు చుట్ట ఇంకా గోడకే జారబడి ఉంది.
మళ్ళీ ప్లాస్టిక్కు ముక్క, మళ్ళీ టేపు.
రేపు తెల్లారి చూడాలి
ఎంత చెమట పడుతుందో.