చలి కొనేసిన సాక్షి

మంగళవారం సాయంత్రం కొన్న కోడి తొడలు
బుధవారం పొద్దున్న కవరు చింపగానే
వంటింట్లోంచి నన్నే బయటికి తరిమాయి.
పిల్లి మంచం కిందికి దూరింది.
పిల్లికంటే సాక్ష్యం ఏం కావాలి?

పదకొండు డాలర్ల నలభై సెంట్లు.
ఉన్నవాళ్ళు చెత్తబుట్టలో పడేసి
చేతులు కడుక్కుంటారు.
నాకది రెండు రోజుల కూర,
మూడోరోజు ఎముకల సూపు.
రసీదు కోటు జేబులో దొరికింది.
కోడిని మూడు సంచుల్లో చుట్టాను,
పసిబిడ్డకి కూడా అంత శ్రద్ధగా చుట్టి ఎరగను.

విన్నిపెగ్‌లో జనవరి.
బయట మైనస్ ముప్పై రెండు.
సెల్కర్క్ వీధి స్టాపులో బస్సు రాలేదు,
దాని తర్వాతదీ రాలేదు.
నడిచాను.
కనురెప్పల వెంట్రుకలు ఒకదానికొకటి అతుక్కుపోతుంటే
ఊదుకుంటూ, తిట్టుకుంటూ, గంటసేపు.

కౌంటర్లో జోవెలిన్.
పేరుబిళ్ళ మీద పేరు పక్కన నవ్వుముఖం.
సంచులు విప్పింది, ఒకటి, రెండు, మూడు.
కోడి బల్లమీద ఠకీమంది.
రాయి.
ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్ళీ పెట్టుకుంది.
"ఏ వాసనా లేదు, మిసెస్ కొస్ట్యుక్."
నేనూ వంగి చూశాను.
మంచు వాసన. అంతే.
దారిలో ఎక్కడో
చలి నా సాక్షిని కొనేసింది.

వెనకాల మొలకలొచ్చిన బంగాళాదుంపలు పట్టుకున్నాయన
గొంతు సవరించుకున్నాడు.
ఆయన ఫిర్యాదు కంటికి కనబడుతుంది,
అదృష్టవంతుడు.

జోవెలిన్ మేనేజరు గదివైపు ఓ చూపు చూసి
గొంతు తగ్గించింది.
"కాసేపు కూర్చోండి. అదే మాట్లాడుతుంది."

వేడిగాలి జాలీ పక్కన బెంచీ.
ఈ చివర నేను, ఆ చివర కోడి.
ముందు బూట్లకంటిన మంచు కరిగింది.
తర్వాత వేళ్ళు సలపడం మొదలెట్టాయి,
అంటే ఇంకా ఉన్నాయన్నమాట.
కోడి మాత్రం తాపీగా.
పెళ్ళినాడు చర్చిలో స్టెఫాన్ కోసం
ఇలాగే కూర్చున్నాను, వస్తాడా రాడా అని.
వచ్చాడులెండి, తాగి.

జోవెలిన్ తన టిఫిన్ డబ్బాలోంచి
బియ్యప్పిండి తీపిరొట్టె తెచ్చిచ్చింది.
"మా అమ్మ చేసింది.
త్వరగా తినేయండి, అది కరగకముందే."

ఆఖరి ముక్క నోట్లో ఉండగానే
వచ్చింది.
ముందు సన్నగా, తలుపు సందులోంచి పిలిచినట్టు,
తర్వాత గొంతు చించుకుని.
బంగాళాదుంపలాయన మఫ్లరు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.
రొట్టెల వరస ఖాళీ అయింది.
ఎవరూ పిలవకుండానే మేనేజరు పరిగెత్తుకొచ్చాడు.
నేను లేచి నిలబడ్డాను,
కచేరీలో నా పాట మొదలైనట్టు.
"ఇదే," అన్నాను, "పొద్దుట్నుంచి నేను చెప్పేది."

ఒక పదినోటు, ఒక డాలరు బిళ్ళ, చిల్లర.
తొడుగు తీసి రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.

రాత్రికి ఏదో ఒకటి వండుకోవాలి గదా.
మాంసం అరల దగ్గర ఇంకో ప్యాకెట్టు ఎత్తి
ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
చల్లగా ఉంది. ఏ వాసనా లేదు.

అక్కడే భయమేసింది.
గుడ్లు కొనుక్కుని బస్సెక్కాను.