తొక్కు, పట్టు, ఒగ్గు

లలితకుమారి గారి బండికి
ఎడం కాలి కింద ఒక దూలం ఉండేది.
దాన్నే క్లచ్ అనేవాళ్లం.
అరవై ఎనిమిది మోడల్ మస్టాంగ్. గరివిడి మాంగనీసు మంచి రోజుల్లో
ఎవరో దొర ఒగ్గీసి ఎళ్లిపోతే
వాళ్ల నాన్నగారు కొన్నారు.
ఆవిడ పద్దెనిమిదో ఏట దాని మీదే నేర్చుకుంది.
అరవై రెండో ఏట మోకాలు మార్పించుకుని
ధర్మపురి రోడ్డులో మా షెడ్డు గడపకి కర్ర ఆనించి అంది:
"అమ్మీమంటున్నారు అందరూ. నేను అమ్మను.
నా కాలికి తగ్గట్టు చెయ్యి, తవిటినాయుడూ."

పాత కడ్డీలన్నీ ఊడదీసేను.
పెడల్ దగ్గర మొదలై ఫోర్కు దాకా
ఇనుము ఇనుముకి చెప్పుకుంటూ పోయే కబురు అది,
మలుపు మలుపుకీ కొంత అరిగిపోయేది.
బుష్షులు చింతపిక్కల్లా గలగలమన్నాయి అరచేతిలో.
ఇక మీదట ఆ కబురు ఆయిల్ మోస్తుంది.

ఇంజనుకీ మనిషికీ మధ్యనున్న రేకుకి
కన్నం పెట్టడానికి మూడు రోజులు ఎనకాడేను.
సుద్దముక్కతో గీసి, చెరిపి,
అన్నం తినొచ్చి మళ్లీ గీసి,
నాలుగోనాడు ఎవరూ రాకముందే డ్రిల్లు ఆన్చేను.
రేకు సన్నగా చుట్టలు చుట్టుకుని రాలింది.
మాస్టరు, స్లేవు అని పేర్లెట్టేడు ఇంగ్లీషోడు సిలిండర్లకి.
నాకు నచ్చవు. పెద్దది, చిన్నది అంటాను.
పెద్దది కొత్తదే, బిల్లుంది.
చిన్నదాన్ని మోసే బ్రాకెట్టు మాత్రం
లారీ ఛాసిస్ ముక్క కోసి నేను చేసిందే.

అంతా బిగించి తొక్కితే
మజ్జిగలో కాలెట్టినట్టు నేల దాకా పోయింది.
గాలి.
గాలి తియ్యాలంటే ఇద్దరుండాలి.
మా కుర్రాడు బొబ్బిలి, అక్క పెళ్లికి.
పక్క షెడ్డులో జిలానీ ఉన్నాడు.
లేతు మిషను ఎవరిదన్న దగ్గర
ఆరేళ్ల కిందట మాట తెగింది,
మధ్యలో రేకులు లేచేయి.
"నాకు కాలు లేదు, నీకు మనిషి లేడు" అని
ఆవిడే వెళ్లి కర్రతో రేకు మీద కొట్టింది.
మేకులు కదిలినట్టు చప్పుడు.

వచ్చేడు. నా వంక చూడకుండా సీట్లో కూర్చున్నాడు.
నేను బండి కింద దూరేను.
మొహాలు కనపడవు, అదే నయం.

"తొక్కు."
"తొక్కేను."
"పట్టు."
"పట్టేను."
ఎనిమిదో నంబరు స్పానరుతో నిపిల్ పావు తిప్పు,
సీసాలోకి బుడబుడమని తెల్లటి ఊపిరి,
బిగించు.
"ఒగ్గు."
"ఒగ్గేను."

మళ్లీ.
మళ్లీ.
మోచేయి గచ్చుకి రాసుకుని మండుతోంది.
పదిహేడోసారో ఎప్పుడో
"డబ్బాలో ఆయిలు తగ్గింది, పొయ్యి" అన్నాడు.
నేను అడగలేదు.
పోసేను. చెయ్యి వణికి రెండు చుక్కలు ఫెండరు మీద పడితే
రంగు తినేస్తదని పరుగున వచ్చి చెంబుడు నీళ్లు కుమ్మరించేడు,
సగం నా తల మీద.
ఇరవై రెండోసారికి సీసాలో బుడగ లేదు.
"గట్టిపడింది" అన్నాడు కిందకి వినపడేలా.

సాయంత్రం నెల్లిమర్ల రోడ్డు.
మిల్లు వదిలేరు, దారంతా సైకిళ్లు.
క్లచ్ సంగతి తేలేది జోరులో కాదు, ఇదిగో ఇలాంటి చోటే.
ఎనిమిది సిలిండర్లు గొంతు తగ్గించుకుని
ఒక ముసలాయన క్యారియరు వెనక
జానెడు జానెడు జరిగేయి.
చంపావతి వంతెన దాటేక అంది ఆవిడ:
"తేలికే. కానీ పాతది ఎక్కడ పట్టుకుంటుందో చెప్పేది.
ఇది చెప్పటం లేదోయ్."
"చెప్తదమ్మా. మెల్లగా మాట్లాడుతుంది.
కాలికి అలవాటవ్వడానికి ఓ వారం."
సరేనందో లేదో తెలీదు, గేరు మార్చింది.

రాత్రి సామాను సర్దుతుంటే
ఎనిమిదో నంబరు స్పానరు కనపళ్లేదు.
బండి కింద లేదు, నా జేబులో లేదు.
రేకు అవతల లైటు ఇంకా వెలుగుతోంది.